ఖాళీ ట్రిప్పు

బాబాయి వంటింటి గుమ్మం మీద కూర్చుని, బూటు లేసులైనా విప్పకుండా ఒట్టు పెట్టాడు. తన మీద పెట్టుకుంటే పిన్ని నమ్మదని ఏకంగా పిన్ని మీదే పెట్టాడు.

"నా మీదెందుకు? నడిపింది నువ్వు కదా, నీ మీదే పెట్టుకో," అంది పిన్ని, బంగాళాదుంప చెక్కు తీస్తూ.

"నడిపానే తల్లీ! డిపో గేటు నుంచి పంపుహౌసు దాకా. ప్రతి స్టేజిలోనూ ఆపాను. టికెట్ మిషన్లో మీట నొక్కాను. మళ్ళీ బయల్దేరాను. మూడు సార్లూ నడిపాను. మూడు సార్లూ నడపలేదనే మెమో ఇచ్చారు."

"ఎవరైనా ఎక్కారా?"

"ఆ పొద్దున్నే ఎవరో ఒకరిద్దరు ఎక్కితే ఎక్కినట్టు. ఆ మూడు రోజులూ ఖాళీ బస్సే. కండక్టరు కూడా లేని బండి."

"మరి చూసిందెవరు?"

"వంతెన దగ్గర కుక్క చూసింది. దాన్ని పిలిపించి సంతకం పెట్టించమంటావా?"

పిన్ని నవ్వలేదు. తొక్క పొడుగ్గా దిగి ప్లేటులో పడింది. "నీ సంగతి నాకు తెలియదా? గ్యాస్ బండ తెమ్మంటే సందు చివరిదాకా వెళ్ళి, షాపు మూసేశారని చెప్పి వచ్చే మనిషివి."

"అది వేరు. అది గ్యాసు."

మూడు మెమోలైతే స్టీరింగు తీసేసి బస్సులు కడిగే షెడ్డుకి వేస్తారు. శుక్రవారం విచారణ. తన జీవితంలో చెప్పుకోదగ్గ పని స్టీరింగు పట్టుకోవడం ఒక్కటేనని బాబాయి నమ్మకం. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఎడం చెయ్యి గేరు కోసం గాల్లో వెతుకుతూ ఉంటుంది.

"పిచ్చుకా, నువ్వైనా చెప్పవే," అన్నాడు అన్న కూతురితో. కీబోర్డు మీద టకటకా పొడుస్తుందని ఆ పేరు పెట్టింది ఆయనే. డిపోలో కంప్యూటర్లు చూసేది ఆ పిల్లే. అసలు ఆ ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చి ఇచ్చింది కూడా బాబాయే.

"ఏం చెప్పను? మెమో కొట్టింది నా కంప్యూటరేగా," అంది పిచ్చుక. "రేపు దాన్నే అడుగుతాను."

"అడుగు. గట్టిగా అడుగు."

డిపోలో కంప్యూటర్ గది ఒకప్పుడు టైర్ల గోడౌను. రంగులు వేసినా, ఏసీ పెట్టినా రబ్బరు వాసన మాత్రం పోలేదు. ఒకే కిటికీ. అది కడిగే షెడ్డు వైపు తెరుచుకుంటుంది. పిచ్చుక పొద్దున్నే వచ్చి ఆ రోజుల రికార్డులు తెరిచింది. పాత బస్సుల్లో దారి చూపించే జీపీఎస్ డబ్బాల వైర్లని ఎలకలు ఎప్పుడో కొరికేశాయి కాబట్టి, బస్సు ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పేది టికెట్ మిషన్ ఒక్కటే. డ్రైవరు ఒక్కో స్టేజి దగ్గర మీట నొక్కితే ఆ సంగతి ఇక్కడికి వచ్చి పడుతుంది.

మెమో ప్రోగ్రాములో ఆ ముక్క చాలా చిన్నది, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. ఆ రోజు ట్రిప్పు తీసుకురా. ట్రిప్పు లేకపోతే 'నడపలేదు' అని మెమో కొట్టు. ఉంటే చివరి స్టేజి చేరిందో లేదో చూడు, సగంలో తిరిగొచ్చుంటే 'సగం ట్రిప్పు' అని మెమో కొట్టు. అంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే లెక్క.

బాబాయి మూడో మెమో రోజు ట్రిప్పుని పిలిచింది. వచ్చింది. బస్సు నంబరు, డ్రైవరు, బయల్దేరిన వేళ, స్టేజీలు అన్నీ వేసుకుని శుభ్రంగా తెర మీద కూర్చుంది.

నువ్వు ఉన్నావా అని అడిగింది.

లేను, అంది.

పక్క మీద పడుకున్న పిల్లాణ్ణి "నిద్రపోయావా" అంటే "ఊఁ, పోయాను" అన్నట్టుంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేనంది. జనం ఎక్కిన ఇంకో ట్రిప్పుని పిలిచి అడిగితే మాత్రం నిక్షేపంగా ఉన్నానంది.

కిటికీ అవతల పైపులోంచి నీళ్ళు బస్సు పక్కకి కొడుతున్న చప్పుడు ఆగింది. షెడ్డక్క గమ్‌బూట్లతో వచ్చి కిటికీ చువ్వల మధ్య నుంచి ఖాళీ టీ గ్లాసు లోపల పెట్టింది. మూడు నెలల క్రితం దాకా ఆవిడ డ్రైవరక్క. ఇప్పుడు బాబాయి నడుపుతున్న పొద్దుటి ట్రిప్పు అప్పట్లో ఆవిడదే. మూడు మెమోలొచ్చాయి, షెడ్డుకి వేశారు, అందరూ పేరు మార్చేశారు.

"మీ బాబాయిక్కూడా వచ్చాయటగా," అంది.

"అక్కా, మీరు అప్పుడు ఆ ట్రిప్పులు నడిపారా?"

షెడ్డక్క చేతి మీది నురగ కేసి చూసుకుంది. "నడపకపోతే ఊరికే అంత పొద్దున్న లేస్తానా?"

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఎవరెక్కారమ్మా అంటారు. ఎవరూ ఎక్కలేదంటాను. నవ్వుతారు." చేతి నురగ విదిలించింది. "నవ్వారు కూడా. మీ బాబాయే క్యాంటీన్లో అన్నాడుట, ఆవిడ వంతెన దగ్గరే బండి తిప్పేసుంటుందిలే అని."

 పిచ్చుక గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. షెడ్డక్క వెళ్ళి మళ్ళీ పైపు అందుకుంది. ఆవిడ చక్రాల గూళ్ళలో బ్రష్షు తిప్పే తీరు చూస్తే, ఎవరూ వంగి చూడని చోట కూడా మట్టి ఉండకూడదని పంతం పట్టినట్టుంటుంది.

మధ్యాహ్నానికి దొరికింది. ట్రిప్పు అనే క్లాసులో, అంటే ట్రిప్పులన్నీ ఏ మూసలోంచి వస్తాయో ఆ మూసలో, ఎవరో కొత్తగా ఒక మెథడ్, అంటే ట్రిప్పు చెయ్యగల ఒక పని, కలిపారు. దాని పేరు లెన్, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు. అలా అండర్‌స్కోర్లు తగిలించుకున్న పేర్లు మామూలువి కావు. వాటిని మనం పిలవం, ప్రోగ్రాముని చదివి నడిపించే ఇంటర్‌ప్రెటరే తనకి అవసరమైనప్పుడు పిలుచుకుంటుంది. కలిపిన తేదీ చూసింది. షెడ్డక్క మొదటి మెమోకి ముందు వారం. కలిపింది తన సీట్లో అంతకుముందు కూర్చున్న సీనియరు. ఫోన్ చేసింది.

"ఓ, అదా!" అన్నాడు సీనియరు హుషారుగా. "ఎంతమంది ఎక్కారో రిపోర్టు కావాలన్నారు. లెన్ పెట్టాను. ట్రిప్పు పొడవెంత అనడిగితే టికెట్ల సంఖ్య చెప్తుంది. అందంగా లేదూ?"

"అందంగానే ఉంది. మరి ఉందా లేదా చెప్పే బూల్ పెట్టలేదేం?"

"బూల్ ఎందుకు?"

"ట్రిప్పు ఉందా లేదా అనడిగితే ఇంటర్‌ప్రెటర్ ఏం చేస్తుంది? క్లాసులో బూల్ ఉందేమో చూస్తుంది. అది లేకపోతే లెన్ ఉందేమో చూస్తుంది. రెండూ లేకపోతే, సరే, ఉన్నట్టే అనుకుంటుంది. మీరు లెన్ పెట్టకముందు అన్ని ట్రిప్పులూ ఉన్నట్టే. పెట్టాక, పొడవు సున్నా అయితే ట్రిప్పే లేదు."



"అయ్యో," అన్నాడు. తర్వాత, "అంటే ఖాళీ బస్సులు..." అన్నాడు. ఆ తర్వాత, "నాకు మీటింగ్ మొదలవుతోంది," అన్నాడు.

పిచ్చుక మేనేజరు గదికి వెళ్ళి చెప్పింది. మేనేజరు చెడ్డవాడు కాదు. ఫైళ్ళ మీద పేపర్‌వెయిట్లు పెట్టుకుని, ఫ్యాను గాలికి కూడా ఏదీ కదలకుండా చూసుకునే మనిషి. మొత్తం విన్నాడు.

"అంటే మీ బాబాయి నడిపాడంటావు."

"మూడో రోజుది చూశాను సార్, నడిపాడు. మెమో తప్పు. ఇంకా చాలామందివి తప్పయ్యుండొచ్చు."

"ఇంకా చాలామంది వద్దు," అన్నాడు చప్పున. "అన్నీ తిరగదోడితే పై ఆఫీసు నన్ను చాకిరేవు పెడుతుంది. నాలుగు నెలలు కళ్ళు మూసుకున్నావా అంటారు. మీ బాబాయి ఒక్కడిదీ సర్దెయ్యి. శుక్రవారం కాగితం చింపేస్తాను, సరిపోతుంది."

పిచ్చుక కాదనాల్సింది. కానీ గాల్లో గేరు వెతికే ఎడం చెయ్యి కళ్ళముందు కదిలింది. సరే సార్ అంది.

సీట్లోకి వచ్చి పని మొదలుపెట్టింది. ఉపాయం తేలికే అనిపించింది. బాబాయి ట్రిప్పు ఆ మూసలోంచి వచ్చిన ఒక ఆబ్జెక్టు. క్లాసు జోలికి పోకుండా, ఈ ఆబ్జెక్టుకి మాత్రమే ఒక బూల్ తగిలిద్దాం, ఎవరడిగినా 'ఉన్నాను' అని చెప్పేలా. తగిలించింది. ఆ బూల్ని పేరు పెట్టి పిలిచి చూసింది.

ఉన్నాను, అంది ట్రిప్పు.

పిచ్చుక కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకుంది. ధీమాగా మెమో ప్రోగ్రాము నడిపింది. ప్రింటరు కిర్రుమని బాబాయి పేరున ఇంకో మెమో కొట్టి చేతిలో పెట్టింది.

మళ్ళీ పిలిచింది. ఉన్నానంది. ప్రోగ్రాము చేత అడిగించింది. లేనంది. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట.

అప్పుడు గుర్తొచ్చింది, చదువుకునే రోజుల్లో బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయిన సంగతి. క్లాసు తయారయ్యేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ దాని లోపల వరసగా అరలు పెడుతుంది. ఉందా లేదా చెప్పడానికి ఒకటి, పొడవు చెప్పడానికి ఒకటి, కూడడానికి, పోల్చడానికి ఇంకోటి ఇంకోటి. అండర్‌స్కోర్ల మెథడ్లన్నీ వెళ్ళి ఆ అరల్లో కూర్చుంటాయి. ఆబ్జెక్టుకి అరలుండవు. దానికుండేది ఒక జేబు, తన క్లాసు ఎవరో చెప్పే ఒక దారం. ఆ జేబులో ఏం పెట్టినా, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. కానీ ఉందా లేదా తేల్చాల్సొచ్చినప్పుడు ఇంటర్‌ప్రెటర్ జేబులు వెతకదు. దారం పట్టుకుని తిన్నగా క్లాసు దగ్గరికి పోయి అర తెరిచి చూస్తుంది. వేలకి వేలు ఆబ్జెక్టులు. ఒక్కోదాన్నీ ఆపి నీ సంగతేమిటని అడిగే తీరిక దానికి లేదు.

సరే, ఇంకో దారి. మెమో ప్రోగ్రాములోనే ఒక లైను. డ్రైవరు నంబరు ఇదైతే మెమో కొట్టకు. టైపు చేసింది. చదివింది. డ్రైవరు మా బాబాయి అయితే మెమో కొట్టకు. ఇంకోసారి చదివింది.

బయట షెడ్డక్క బస్సు కింద వెల్లకిలా దూరి ఉంది. గమ్‌బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఒకటి తాళం వేస్తోంది, ఏదో కూనిరాగానికి కాబోలు.

పిచ్చుక ఆ లైను తుడిచేసింది. క్లాసు తెరిచి లెన్ కింద బూల్ రాసింది. రెండే లైన్లు. ట్రిప్పు అనేది ఉంటే ఉన్నట్టే, ఎవరూ ఎక్కకపోయినా సరే. అర నిండింది. ఇప్పటిదాకా పుట్టిన ట్రిప్పులకీ, ఇక ముందు పుట్టబోయే ట్రిప్పులకీ ఒకేసారి. తర్వాత, మేనేజరు వద్దన్న పని చేసింది. నాలుగు నెలల రికార్డులన్నీ మొదట్నుంచి నడిపించింది.

తెర మీద పేర్లు ఒకటొకటిగా దిగాయి. షెడ్డక్క మొదటి మెమో, తప్పు. రెండోది, తప్పు. మూడోది, తప్పు. ప్రతి రోజూ చివరి స్టేజి దాకా వెళ్ళి, అక్కడ నియమం ప్రకారం ఆగాల్సినంతసేపు ఆగి, తిరిగొచ్చింది. బాబాయి మూడోది, తప్పు. మొదటిది, తప్పు.

రెండోది, సగం ట్రిప్పు.

పిచ్చుక కుర్చీ ముందుకి లాక్కుంది. ఖాళీ ట్రిప్పు ఉందా లేదా అన్న గుమ్మం దగ్గరే ఇన్నాళ్ళూ ఆగిపోయిన ప్రోగ్రాము ఇప్పుడే మొదటిసారి లోపలికొచ్చి రెండో ప్రశ్న అడిగింది, చివరి స్టేజి చేరిందా అని. ఆ రోజు రికార్డు తెరిచింది. డిపో గేటు, మార్కెట్టు, బడి, వంతెన. అంతే. వంతెన తర్వాత స్టేజి లేదు. తిరుగు ట్రిప్పు కూడా వంతెన దగ్గర్నుంచే మొదలైంది.

సాయంత్రం పిన్ని డాబా మీద బట్టలు తీస్తోంది. బాబాయి మెట్ల మీద కూర్చుని విచారణ కోసం బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. పిచ్చుక వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చుంది.

"మిగతా రెండూ తప్పని తేలింది బాబాయ్."

"చూశావా! నేను చెప్పలా?" బ్రష్షు జోరందుకుంది. ఒక్క క్షణం తర్వాత నెమ్మదించింది. "మిగతా అంటే?"

"రెండో మెమో. ఆ రోజు వాన పడింది."

"ఏ వాన?"

"వంతెన."

బ్రష్షు ఆగిపోయింది. బాబాయి బూటు లోపల చెయ్యి పెట్టి, దాని ముక్కు కేసి చూశాడు, గుమ్మడికాయ దొంగ అనగానే భుజం తడుముకున్న మనిషిలా కాకుండా, నిజంగానే భుజం మీద బూడిద కనపడిన మనిషిలా.

"వైపరు పనిచెయ్యలేదే," అన్నాడు. "అద్దంలోంచి ఏం కనపడలా. అయినా ఆ వానలో ఎవరుంటారక్కడ? ఖాళీగా పోవడం, ఖాళీగా రావడం. ఎవరూ లేని రోజు కూడా ఖాళీ బస్సుకి తలుపు తియ్యడం, తలుపు వెయ్యడం. ఒక్కరోజు తిప్పేశాను."

"మరి పిన్ని మీద ఒట్టు?"

"ఆవిడకేం, దుక్కలా ఉందిగా." జోకు పేలలేదని ఆయనకే తెలిసింది. "పిచ్చుకా, మిగతా రెండూ అన్యాయం కదే. చెప్పి చెప్పి, ఇది కూడా అందులో కలిసిపోయింది. నాకే నమ్మకమొచ్చేసింది, మూడూ నడిపానని."

పైన దుప్పటి దులిపిన చప్పుడయింది.

"షెడ్డక్క మూడూ నడిపింది," అంది పిచ్చుక.

"మూడూనా?"

"చివరిదాకా."

బాబాయి పాలిష్ డబ్బా మూత పెట్టబోయాడు. అది సరిగ్గా పడలేదు. తిప్పి పెట్టాడు. "తీసెయ్యలేవా?" అన్నాడు, డబ్బాతో అన్నట్టు.

"తీసెయ్యగలను. ఒక్క లైను."

డాబా మెట్ల మీద పిన్ని అడుగులు వినిపించాయి. బాబాయి బూటు కింద పెట్టాడు.

"వద్దులే," అన్నాడు.

శుక్రవారం మేనేజరు గదిలో పేపర్‌వెయిట్లన్నీ బల్ల ఒక పక్కకి చేరాయి. పిచ్చుక ఇచ్చిన ప్రింటు ఆయన ముందుంది. చదివినంతసేపూ ఆయన ముఖం, ఒక్కణ్ణి భోజనానికి పిలిస్తే పెళ్ళివారంతా దిగిన ఇంటాయనలా ఉంది.

"ఒక్కరిది సర్దమన్నాను కదమ్మా."

"ప్రయత్నించాను సార్. ఒక్కరికి తగిలిస్తే ఇంటర్‌ప్రెటర్ ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదా?"

"క్లాసు దగ్గరికే వెళ్ళి అడుగుతుంది సార్. అక్కడ మారిస్తే అందరికీ మారుతుంది." కాస్త ఆగి అంది, "ఇంకో అడ్డదారి ఉంది. అది నేను రాసి, చెరిపేశాను."

మేనేజరు బాబాయి వైపు తిరిగాడు. బాబాయి అప్పటికే తన కలం తీశాడు. మూడు కాగితాల్లోంచి మధ్యది లాగి, సంతకం పెట్టి, ముందుకి తోశాడు. "ఇది నాదే సార్. మిగతావి చింపెయ్యండి."

షెడ్డక్కని పిలిచారు. తడి బూట్లతో నేల పాడవుతుందని గుమ్మంలోనే నిలబడింది.

"మీ మెమోలు పొరపాటున వచ్చాయమ్మా," అన్నాడు మేనేజరు.

"సరే సార్."

ఆవిడ ఇంకేమైనా అంటుందని ఆయన చూశాడు. "కోపంగా ఉందా?" అన్నాడు ఉండబట్టలేక.

"ఉందండీ," అంది షెడ్డక్క. "ముందు స్టీరింగ్ ఇవ్వండి. కోపం సంగతి తర్వాత చూద్దాం."

బాబాయి ఆవిడ పక్కనుంచి బయటికి వెళ్తూ ఆగాడు. క్యాంటీన్లో అన్న మాట నోటిదాకా వచ్చినట్టుంది. "ఆ బండికి వైపరు పనిచెయ్యదు," అన్నాడు చివరికి. "నేను బిగించి ఇస్తాను."

"కాస్త మీ నోరు కూడా బిగించుకోండి," అంది ఆవిడ. తిట్టులా లేదు, స్నేహంలానూ లేదు.

సగం ట్రిప్పుకి శిక్షగా బాబాయికి వారం రోజులు షెడ్డు వేశారు. పిన్నికి ఏం చెప్పాడో పిచ్చుకకి తెలీదు. ఆ రాత్రి వంటింట్లోంచి ఒక పెద్ద కేకా, చాలాసేపటికి ఎందుకో పిన్ని నవ్వూ వినపడ్డాయి. గ్యాస్ బండ అన్న మాట రెండుసార్లు వచ్చింది.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే పిచ్చుక డిపోకి వచ్చింది. డ్రైవరక్క సీటు ముందుకి జరుపుకుని, అద్దం తన ఎత్తుకి తిప్పుకుంటోంది. బాబాయి గమ్‌బూట్లలో, పైపు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఎక్కవే, అలా తిరిగొద్దువుగాని," అంది డ్రైవరక్క.

"వద్దక్కా. నేనెక్కితే లెక్క ఒకటవుతుంది. ఖాళీగానే వెళ్ళు."

బస్సు లోపల దీపాలన్నీ వేసుకుని, ఒక్క తలైనా లేని సీట్ల వరసలతో గేటు దాటింది.

పిచ్చుక గదిలోకి వచ్చి తెర ముందు కూర్చుంది. కాసేపటికి వెనక బూట్ల చప్పుడయింది. బాబాయి చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుర్చీ వీపు పట్టుకోబోయి మానేశాడు.

డిపో గేటు. మార్కెట్టు. బడి. వంతెన.

వంతెన మీదే ఉంది. ఇంకా వంతెన మీదే. వంతెన దాటాక పంపుహౌసు దాకా సిగ్నల్ అందదని ఇద్దరికీ తెలుసు. అయినా బాబాయి ఎడం చెయ్యి గాల్లో గేరు మార్చింది. ఆ తర్వాత వరసగా నాలుగు స్టేజీలు ఒకేసారి వచ్చి పడ్డాయి, చివర పంపుహౌసు. ట్రిప్పు పొడవు సున్నా. ఉన్నావా అని అడిగింది పిచ్చుక. ఉన్నాను, అంది.

"వెళ్ళింది," అన్నాడు బాబాయి నెమ్మదిగా.

అప్పుడు దాని కింద తిరుగు ట్రిప్పు మొదలైంది. మొదటి స్టేజి, పంపుహౌసు. టికెట్టు, ఒకటి.

బాబాయి ముందుకి వంగాడు. ఆయన జుట్టు మీంచి ఒక చుక్క జారి కీబోర్డు పక్కన పడింది.

"ఎవరే అది?"

"పేరుండదు బాబాయ్. ఎవరో ఒకరు ఎక్కారు. అంతే."

"నేను తిప్పేసిన రోజు కూడా ఉన్నారా అక్కడ?"

ఆ రోజుకి ముందూ వెనకా అక్కడ ఎవరెక్కారో పిచ్చుక వెనక్కి వెళ్ళి చూడొచ్చు. రికార్డులన్నీ ఉన్నాయి. చెయ్యి మౌసు మీద పెట్టింది.

"చూడకులే," అన్నాడు బాబాయి. ఇంకాసేపు ఆ ఒకటి కేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతులు ప్యాంటుకి తుడుచుకుని, షెడ్డులోకి వెళ్ళి, తర్వాతి బస్సు చక్రాల గూళ్ళలోకి బ్రష్షు పెట్టాడు. ఎవరూ వంగి చూడని చోట.